మ్యాపు కొనాల్సింది ఎడమ సీటువాళ్లు

మా ఇంట్లో కారు నడిపేది మావారు, దారి చూసేది నేను. ఇరవై ఏళ్లకు పైగా ఇదే పంపకం. బ్రిటన్‌లో కూడా మనలాగే ఎడమవైపు నడుపుతారు, స్టీరింగు కుడివైపే ఉంటుంది. అందుకని అక్కడికి వెళ్లినా నా సీటు మారలేదు. ఒళ్లో పెట్టుకునే వస్తువు మాత్రం మారింది. ఇక్కడైతే పులిహోర డబ్బా, స్కాట్లాండ్‌లో మీటరు పొడవున్న కాగితం.

ఆ కాగితాన్ని ఎలా ఎంచుకోవాలో చెబుదామని ఇది రాస్తున్నాను. విదేశాల్లో కారు అద్దెకు తీసుకుని తిరిగొచ్చినవాళ్లు ఫలానా మ్యాపు భలే ఉంటుందని సలహా ఇస్తుంటారు. నాకు సలహా ఇచ్చినవాళ్లంతా నడిపినవాళ్లే. నడిపే మనిషి మ్యాపు చూడడు, చూడకూడదు కూడా. ముందు రెండు దారులు చీలుతుంటే, వెనక ఓ లారీ తోసుకొస్తుంటే, "ఇటా, అటా? తొందరగా చెప్పు" అన్నప్పుడు మూడు సెకన్లలో జవాబు చెప్పాల్సింది పక్కసీటులో ఉన్న మనిషి. కాబట్టి మ్యాపు ఆ మనిషే కొనాలి. ఆ మనిషి కంటికీ ఒడికీ ఓపికకూ సరిపోయేదే కొనాలి.

"అమ్మా, నువ్వింకా ఏ కాలంలో ఉన్నావే?" అంది మా అమ్మాయి. తను గ్లాస్గోలో ఉద్యోగం చేస్తోంది. నేనూ మొదట్నుంచీ కాగితం పక్షం కాదు. మొదటిసారి స్కై దీవికి వెళ్లినప్పుడు అందరిలాగే ఫోన్‌ని డాష్‌బోర్డుకి తగిలించుకుని బయల్దేరాం. షీల్ బ్రిడ్జ్ అనే చిన్న ఊరి దగ్గర ఫోన్ ఎడమకి తిరగమంది, తిరిగాం. మామ్ రాటగన్ అనే కనుమ వచ్చింది. ఎత్తు 339 మీటర్లేగానీ మలుపులు మాత్రం మన మారేడుమిల్లి ఘాట్ రోడ్డుని గుర్తుచేశాయి. అది దిగి, గ్లెనెల్గ్ ఊరు దాటి, చివరికి నీళ్ల ఒడ్డున ఆగాం. రోడ్డు నేరుగా సముద్రంలోకి దిగిపోతోంది. ఫోన్ మాత్రం ముందుకే వెళ్లమంటోంది.

అక్కడ ఫెర్రీ ఉంది, నిజమే. ఆరు కార్లు పట్టే బుల్లి పడవ. దాని మీద ఉండే తిరుగుడు బల్లని మనుషులు చేతులతో తోసి తిప్పుతారు. అలాంటి పడవ ప్రపంచంలో ఇదొక్కటే మిగిలిందట. వేసవి నెలల్లోనే నడుస్తుంది, సాయంత్రానికల్లా ఆపేస్తారు. మేం వెళ్లేసరికి ఏడున్నర దాటింది. ఎదుటి ఒడ్డున స్కై దీవి, ఎవరైనా చెయ్యి ఊపితే కనిపించేంత దగ్గర్లో ఉంది. చేసేదేముంది? వచ్చిన కనుమే మళ్లీ ఎక్కి, పెద్ద రోడ్డు పట్టుకుని, 1995లో కట్టిన స్కై వంతెన మీదుగా ఆ రాత్రి బస చేరాం.

ఆ ఇంటావిడ మమ్మల్ని చూసి నవ్వలేదు, చీదరించుకోలేదు. హాల్లో గోడకి అతికించి ఉన్న మ్యాపు దగ్గరికి తీసుకెళ్లి వేలు పెట్టి చూపించింది. ఇదిగో మీరు వెళ్లింది, ఇదిగో వెళ్లాల్సింది. అర నిమిషం పట్టింది. ఆ అర నిమిషంలో నాకు కొండలు ఎటున్నాయో, నీళ్లు ఎటు చొచ్చుకొచ్చాయో, దారులు అలా ఎందుకు వంకర్లు తిరిగాయో మొత్తం అర్థమైపోయింది. నాలుగు గంటల పాటు ఎదురుగా పెట్టుకుని కూర్చున్న ఫోన్ నాకు ఆ ముక్క చెప్పలేదు.

ఫోన్ తప్పు చెప్పిందని నా ఫిర్యాదు కాదు. ఫెర్రీని కూడా రోడ్డుగా లెక్కేసింది, దాని పరిధిలో అది ఒప్పే. సిగ్నల్ లేకపోయినా పనిచేసేలా ముందే దించుకోవచ్చని కూడా నాకు తెలుసు, ఇప్పుడు అలాగే చేస్తున్నాం. నా ఇబ్బంది వేరే ఉంది. ఫోన్ తెర మీద రెండు వేళ్లు దగ్గరికి లాగితే చిన్న రోడ్లు మాయమైపోతాయి. వేళ్లు దూరం జరిపితే చిన్న రోడ్డు కనిపిస్తుంది, కానీ అది ఎక్కడికి పోతుందో తెర దాటిపోతుంది. మొత్తం, వివరం రెండూ ఒకేసారి కనిపించవు. లెక్క చూడండి. 1:250,000 స్కేలులో ఒక సెంటీమీటరంటే రెండున్నర కిలోమీటర్లు. పదిహేను సెంటీమీటర్ల ఫోన్ తెర మీద అదే వివరంతో చూస్తే 37 కిలోమీటర్ల మేర కనిపిస్తుంది. మీటరు కాగితం మీద 250 కిలోమీటర్లు. అదీ చిన్న రోడ్డేదీ మాయం కాకుండా.

మనకి మ్యాపు చూసే అలవాటు ఎందుకు లేదా అని అప్పుడప్పుడూ అనుకుంటాను. పదో తరగతి సోషల్ పరీక్షలో మ్యాప్ పాయింటింగ్ చేశాం, కృష్ణా గోదావరులకి నీలం పెన్సిల్ పెట్టాం, మార్కులు పడ్డాయి, అక్కడితో సరి. టీటీకే వాళ్ల రోడ్డు మ్యాపు ఒకటి మా నాన్నగారి బీరువాలో ఉండేది, దాన్ని విప్పగా నేను చూడలేదు. అవసరం పడేది కాదు. ప్రతి జంక్షన్‌లో ఓ టీకొట్టు, ప్రతి టీకొట్టు దగ్గర నలుగురు మనుషులు. "అన్నా, ద్రాక్షారామం ఎటు పోవాలి?" అంటే నలుగురూ నాలుగు చేతులు చాపేవారు, కనీసం రెండు ఒకేవైపు ఉండేవి. దానికితోడు మాది కాకినాడ. దేశ సరిహద్దుల వెంట, సముద్ర తీరం వెంట సుమారు 80 కిలోమీటర్ల మేర సర్వే ఆఫ్ ఇండియా వివరమైన షీట్లని దశాబ్దాల పాటు మామూలు జనానికి అమ్మేవారు కాదు. అంటే మా ఊరి మ్యాపు మాకే నిషిద్ధం. 2005లో కొంత, 2021లో చాలావరకు ఆ కట్టుబాట్లు సడలించారు. అప్పటికి అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేశాయి.

ఉత్తర స్కాట్లాండ్‌లో ఆ టీకొట్టు లేదు. హైలాండ్ ప్రాంతంలో చదరపు కిలోమీటరుకి పదిమంది కూడా ఉండరు, మన దగ్గర మూడు వందల పైచిలుకు. గంటసేపు పోయినా గొర్రెలు తప్ప అడగడానికి ఎవరూ కనిపించని దారులున్నాయి. అలాంటిచోట కాగితమే టీకొట్టు.

సరే, కొనడం సంగతి. రెండోసారి వెళ్లేముందు నేను మూడు రకాల తప్పులు చేశాను, అందులో రెండు డబ్బు పెట్టి మరీ చేశాను.

మొదటిది స్పైరల్ బైండింగ్ అట్లాసు. దేశం మొత్తం ఒకే పుస్తకంలో ఉంటుంది, పేజీల లెక్కన చూస్తే చవక. మన బుద్ధి వెంటనే అటే లాగుతుంది. ఒక షీటు ధరకి ఇంకాస్త వేస్తే బ్రిటనంతా వస్తుంటే షీటు ఎందుకు అని. కానీ మనం వెళ్లేది బ్రిటనంతా కాదు. వందకి పైగా పేజీల్లో మనకి పనికొచ్చేవి ఎనిమిది. ఆ ఎనిమిదీ వరసగా ఉండవు, ఎందుకంటే పేజీలు అడ్డంగా పడమర నుంచి తూర్పుకి పోతాయి, మనం కింద నుంచి పైకి పోతాం. పేజీ పైఅంచుకి రాగానే ముందుకో వెనక్కో ఎన్నో పేజీలు తిప్పాలి. ఆ తిప్పే లోపల మలుపు వెళ్లిపోతుంది. అక్కడే ఉండేవాళ్లకి, ఏడాది పొడవునా తిరిగేవాళ్లకి అట్లాసు మంచిదే. పది రోజుల సెలవు మీద వెళ్లేవాళ్లకి మాత్రం అది ఒళ్లో పెట్టుకున్న ఇటుక.

రెండోది దీనికి పూర్తిగా వ్యతిరేకం. బ్రిటన్ ప్రభుత్వ సర్వే సంస్థ ఆర్డినెన్స్ సర్వే వేసే ల్యాండ్‌రేంజర్ షీట్లు ఉంటాయి, 1:50,000 స్కేలులో. దేశం మొత్తానికి 204. ముట్టుకుంటేనే ముచ్చటేస్తుంది. ప్రతి ఇల్లు, ప్రతి వాగు, ప్రతి కాలిబాట. ఒక్కో షీటు నలభై కిలోమీటర్ల చదరం. మా దారికి లెక్కేస్తే డజను షీట్లు తేలాయి. కారు అరగంటలో షీటు దాటేస్తుంది. అవి నడిచేవాళ్లకి. నేను ఆవేశంలో మూడు కొనేశాను. ఒకటి మాత్రం పనికొచ్చింది, ఎలాగో తర్వాత చెబుతాను.

మూడోది విమానాశ్రయంలో, హోటళ్లలో ఊరికే ఇచ్చే టూరిస్టు మ్యాపు. కోట బొమ్మ, విస్కీ సీసా బొమ్మ, సరస్సులో ఉందని చెప్పుకునే వింత జంతువు నెస్సీ బొమ్మ. బొమ్మల కింద రోడ్లు. దీని గురించి ఇంతకంటే మాట్లాడను.

చివరికి నేను తేల్చుకున్నది ఇది. ఇంట్లో టేబుల్ మీద పరుచుకుని ఎన్ని రోజులు, ఎక్కడెక్కడ బస అని ఆలోచించడానికి ఫ్రెంచి సంస్థ మిషెలిన్ వాళ్ల స్కాట్లాండ్ షీటు, నంబరు 501, స్కేలు 1:400,000. దేశం మొత్తం ఒక్క చూపులో పడుతుంది. ఇది ఇక్కడినుంచి బయల్దేరకముందే చేతిలో ఉండాలి, ఎందుకంటే బసలూ, కారు ఎక్కించే ఫెర్రీలూ ముందే బుక్ చేసుకోవాలి. కారులో ఒళ్లో పెట్టుకోవడానికి ఆర్డినెన్స్ సర్వే వాళ్ల 1:250,000 రోడ్డు షీటు. ఇది అక్కడికి వెళ్లాక కొన్నా ఫర్వాలేదు. ఉత్తర స్కాట్లాండ్‌కి ఒకటి, పశ్చిమ స్కాట్లాండ్‌కీ పడమటి దీవులకీ కలిపి ఒకటి. మా దారి ఈ రెండింటి మీదా పడింది కాబట్టి రెండూ తీసుకున్నాను. షీటు కొనేముందు అంచులు చూసుకోండి. మీరు తిరగబోయే ప్రాంతం సరిగ్గా అంచు మీద ఉంటే, ఎంత గొప్ప మ్యాపయినా ఆ వారం రోజులూ నరకమే.

మిషెలిన్ మ్యాపులో చూడముచ్చటైన దారులకి పక్కన ఆకుపచ్చ గీత వేస్తారు. ఫ్రాన్సులో తిరిగినవాళ్లు ఆ గీతని నమ్ముకునే దారి ఎంచుకుంటామని చెబుతారు. ఉత్తర హైలాండ్స్‌లో ఎటు చూసినా పచ్చ గీతే. అన్నీ ముద్దొచ్చే పిల్లలే అయినప్పుడు ఎవర్ని ఎత్తుకోవాలో గీత ఏం చెబుతుంది? అక్కడ నేను పచ్చదనం వదిలేసి వెడల్పు చూశాను.

వెడల్పు గురించి కాస్త వివరంగా చెప్పాలి, మన టెన్షనంతా అక్కడే ఉంది కాబట్టి. రోడ్డు నంబరు 'ఏ' (A) అనే ఇంగ్లీషు అక్షరంతో మొదలైతే పెద్దది, 'బీ' (B) అయితే చిన్నది అని మనం అనుకుంటాం. దక్షిణాన అది చాలావరకు నిజం. ఉత్తరాన ఏ838 ఉంది. లాక్స్‌ఫర్డ్ బ్రిడ్జ్ నుంచి డర్నెస్ వరకు చాలా దూరం ఒక్క కారు పట్టేంత రోడ్డే. ఎదుటినుంచి బండి వస్తే ఎవరో ఒకరు పక్కన ఉబ్బెత్తుగా వదిలిన ఖాళీలోకి తప్పుకోవాలి. ఆ ఖాళీని పాసింగ్ ప్లేస్ అంటారు. అది మన ఎడమవైపుంటే అందులోకి వెళ్లాలి, కుడివైపుంటే దాని ఎదురుగా మన వైపునే ఆగి, వచ్చే బండిని అందులోకి రానివ్వాలి. దాటాక చెయ్యెత్తాలి. మావారికి రెండో రోజుకల్లా ఆ చెయ్యెత్తడం ఎంత అలవాటైందంటే, గొర్రెలకి కూడా ఎత్తారు.

కాబట్టి షాపులో మ్యాపు తీసుకోగానే మొట్టమొదట దాని వెనక ఉన్న గుర్తుల పట్టిక చూడండి. ఇరుకు 'ఏ' రోడ్డుని వెడల్పు 'ఏ' రోడ్డు నుంచి వేరుగా చూపించారా? చూపించకపోతే పక్కన పెట్టేయండి. రంగు ఎంత బాగున్నా, మడత ఎంత సుకుమారంగా ఉన్నా. ఎందుకంటే మన ప్రయాణ సమయం మొత్తం ఆ ఒక్క గుర్తు మీదే ఆధారపడి ఉంది. వెడల్పు రోడ్డు మీద గంటలో వెళ్లే దూరానికి ఇరుకు రోడ్డు మీద రెండు గంటలు వేసుకోవాలి. ఫొటోలు తీసే మనిషి కారులో ఉంటే మూడు. బోర్డుల మీద మైళ్లుంటాయి, మన మనసు కిలోమీటర్లలో లెక్కేస్తుంది. ఈ గందరగోళానికి నేను పెన్సిల్‌తో ప్రతి మజిలీ పక్కనా గంటలు రాసుకున్నాను. లామినేట్ చేసిన మ్యాపు నాకు నచ్చకపోవడానికి కారణం కూడా ఇదే, దాని మీద పెన్సిల్ పడదు. వానకి తడవదంటారు. మ్యాపు వానలో ఎందుకుంటుంది? కారులో ఉంటుంది.

తర్వాత ఏటవాలు బాణాలు. ల్యాండ్‌రేంజర్ షీట్లలో రోడ్డు మీద ఒక బాణం గుర్తుంటే 14 నుంచి 20 శాతం వాలు, రెండుంటే అంతకంటే నిటారు. ఇరవై శాతమంటే ఐదడుగులు ముందుకెళ్తే ఒక అడుగు పైకెక్కడం. మిషెలిన్‌లో బాణం మొన ఎక్కే వైపుకి ఉంటుంది. అన్ని మ్యాపుల్లోనూ అలాగే ఉంటుందనుకోకుండా పట్టిక చూసుకోండి.

ఆ బాణాల విలువ నాకు ఆపిల్‌క్రాస్ దారిలో తెలిసింది. ఆ ఊరికి రెండు దారులు. ఒకటి బెయలాఖ్ నా బా అనే కనుమ మీదుగా, 626 మీటర్ల ఎత్తుకి. హైలాండ్ జనం పాత భాష గేలిక్‌లో ఆ పేరుకి పశువుల కనుమ అని అర్థం, పూర్వం మందల్ని ఆ దారినే తోలుకెళ్లేవారు. సముద్ర మట్టం దగ్గర మొదలై కాసేపట్లోనే ఆ ఎత్తుకి చేరుతుంది. డ్రైవింగ్ నేర్చుకునేవాళ్లూ, పెద్ద బండ్లూ, కారవాన్లూ ఇటు రావొద్దని మొదట్లోనే బోర్డుంటుంది. రెండోది 1970లలో వేసిన తీరం దారి. షీల్డేగ్ నుంచి చుట్టూ తిరిగి వస్తుంది. దూరం ఎక్కువ, గుండె దడ తక్కువ. మ్యాపు మీద రెండూ పక్కపక్కనే కనబడుతున్నాయి, ఒకదాని మీద బాణాలు, రెండోదాని మీద లేవు. ముందురోజు రాత్రి మంచం మీద మ్యాపు పరిచి, "ఏమండీ, వెళ్లేటప్పుడు కనుమ, వచ్చేటప్పుడు తీరం, సరేనా?" అన్నాను. దిగేటప్పుడు బ్రేకుల మీద నిలబడడం ఆయనకిష్టం ఉండదు. మర్నాడు అలాగే వెళ్లాం. పైన మబ్బు తప్ప ఏమీ కనిపించలేదు, అది వేరే సంగతి. ఇలాంటి నిర్ణయం ఫోన్ మనతో చర్చించదు. ఏది త్వరగా వెళ్తే అది చూపించి ఊరుకుంటుంది.

పేర్లు. ఇది చాలామంది పట్టించుకోరు. పడమటి దీవుల్లో రోడ్డు బోర్డుల మీద గేలిక్ పేరే ముందుంటుంది, చాలాచోట్ల అదొక్కటే ఉంటుంది. మన మ్యాపులో ఇంగ్లీషు పేరు మాత్రమే ఉంటే బోర్డు ఒకటి చెబుతుంది, కాగితం ఇంకొకటి చెబుతుంది. కాలనిష్ (Callanish) దగ్గరి పురాతన నిలువురాళ్లు చూడబోయేవాళ్లు Calanais అనే గేలిక్ రాతని గుర్తుపట్టాలి. అందుకే రెండు పేర్లూ వేసిన షీటు తీసుకోవాలి. నాలుగు రోజులు తిరిగాక పేర్లు వాటంతటవే అర్థం కావడం మొదలెడతాయి. ఇన్వర్ అంటే నది సముద్రంలో కలిసే చోటు, కైల్ అంటే ఇరుకు జలసంధి, మోర్ అంటే పెద్ద, దూ అంటే నలుపు. కోనసీమలో ఊరి పేరు చివర లంక అని ఉంటే అది గోదావరి పాయల మధ్య ఉందని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా, అలాగన్నమాట. ఇన్వర్‌నెస్, లాఖిన్వర్ అని చదవగానే అక్కడ ఏరు ఉంటుందని తెలిసిపోతుంది.

ఇంటి అడ్రసు దగ్గర కూడా కాగితం ఆదుకుంది. ఊళ్లు దూరంగా విసిరేసినట్టుండే చోట ఒక్క పిన్‌కోడు కిందే చాలా నేల వస్తుంది. ఫోన్‌కి అది ఇస్తే ఎక్కడో మధ్యలో గడ్డి మీద నిలబెట్టి గమ్యం చేరారంటుంది. లాఖిన్వర్ దగ్గర బస ఇచ్చినాయన ముందే చెప్పాడు, పిన్‌కోడు వద్దు, గ్రిడ్ అంకెలు ఇస్తాను రాసుకోండని. బ్రిటన్ మ్యాపు మొత్తం చదరాలుగా గీసి ఉంటుంది. రెండక్షరాలు పెద్ద చదరానికి, తర్వాత అంకెలు దాని లోపలి స్థానానికి. ముందు అడ్డం లెక్క, తర్వాత నిలువు. సంక్రాంతి ముగ్గుకి చుక్కలు లెక్కపెట్టిన చేతికి ఇదో లెక్కా? అనవసరంగా కొన్నానని మావారు సణిగిన ల్యాండ్‌రేంజర్ 15వ షీటు, పేరు లాఖ్ అసింట్, అక్కడ పనికొచ్చింది. ఇల్లు చిన్న చుక్కలా కనిపించింది. ఆ చుక్క దగ్గరికే వెళ్లి ఆగాం.

ఇంత దూరం వెళ్లి లూయిస్ దీవికి ఎందుకు వెళ్లారని అక్కడివాళ్లు కూడా అడిగారు. ఉల్లాపూల్ నుంచి పెద్ద ఫెర్రీ, రెండున్నర గంటలు పైన. దిగేది స్టోర్నోవే. కొలిన్ మెకంజీ పుట్టిన ఊరు, 1754లో. మెకంజీ కైఫీయతులని మనం అనుకునే ఊళ్ల చరిత్రలు ఆయన పేరు మీదే. మైసూరు, రాయలసీమ ప్రాంతాల్ని కొలిచినవాడు, 1815లో మొత్తం భారతదేశానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయినవాడు. ఆయనకి తెలుగు రాదు. ఏలూరుకి చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఆయనకి కళ్లూ చెవులూ అయ్యారు. ఊరూరా తిరిగి కరణాల్నీ పెద్దల్నీ అడిగి ఈ చెరువు ఎవరు తవ్వించారు, ఈ గుడి మాన్యం ఎంత, ఈ ఊరికి ఈ పేరెందుకు వచ్చిందని రాయించారు. కొలత ఒక చేత్తో, కథ ఒక చేత్తో. మా నాన్నగారి తరంలో ఊరి చరిత్ర మీద గొడవ వస్తే చివరికి కైఫీయత్తే తీర్పు.

మెకంజీ పుట్టడానికి ఏడేళ్ల ముందే, 1747లో, స్కాట్లాండ్ ప్రధాన భూభాగాన్ని సైన్యం కొలవడం మొదలెట్టింది. కలోడన్ యుద్ధంలో హైలాండ్ తిరుగుబాటుదార్లు ఓడిపోయిన మరుసటేడాది. విలియం రాయ్ అనే యువకుడు ఆ పని నడిపించాడు. తిరగబడే జనం ఏ లోయలో దాక్కుంటారో లండన్‌కి తెలియాలి, సైన్యం ఏ దారిన వెళ్లాలో తెలియాలి, అదీ అవసరం. 1755 దాకా సాగిన ఆ మ్యాపుని ఎడింబరోలోని స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం వాళ్లు ఇంటర్నెట్లో ఉచితంగా పెట్టారు. రాయ్ పోయిన మరుసటేడాది, 1791లో, ఆర్డినెన్స్ సర్వే మొదలైంది. ఆర్డినెన్స్ అంటే ఫిరంగులూ తుపాకులూ. కొండ ముచ్చటగా ఉందని ఎవరూ మొదటి మ్యాపు గీయలేదు. హైలాండ్స్‌లో అయినా, కడప జిల్లాలో అయినా. స్టోర్నోవే రేవులో చలిగాలికి చెవులు మూసుకుని నిలబడి నేను ఆలోచించింది ఇదే. మా ఊరి మ్యాపు నాకు అమ్మని దేశం నుంచి వచ్చి, ఒకప్పుడు సైన్యం కోసం మొదలైన మ్యాపుని సెలవు గడపడానికి షాపులో కొనుక్కున్నాను. మావారేమో ఫిష్ అండ్ చిప్స్ పొట్లం విప్పుతూ, "మెకంజీగారు ఇవి తినే పెద్దవాడయ్యాడంటావా?" అన్నారు.

ఇక ఆఖరిది, మ్యాపు వయసు. షీటు మూలన చిన్న అక్షరాలతో ముద్రణ సంవత్సరం ఉంటుంది. పాత పుస్తకాల షాపులో చవకగా దొరికింది కదా అని దాంతో బండి నడపకండి. ఎందుకంటే ఉత్తర స్కాట్లాండ్ రోడ్లని వంతెనలు పూర్తిగా మార్చేశాయి. క్రొమార్టీ ఫర్త్ (ఫర్త్ అంటే సముద్రపు పాయ) మీద 1979, ఇన్వర్‌నెస్ దగ్గర కెసక్ 1982, కైల్స్‌కూ 1984, డోర్నాఖ్ ఫర్త్ 1991, స్కై 1995. అంతకుముందు ప్రతి సముద్రపు పాయ చుట్టూ తిరిగి రావడమో, పడవ కోసం క్యూలో నిలబడడమో చేసేవారు.

అంత చెప్పినదాన్ని నేనూ ఒక పాత షీటు కొన్నాను. ఇన్వర్‌నెస్‌లో లీకీస్ అని ఓ పాత పుస్తకాల షాపుంది. ఒకప్పటి గేలిక్ చర్చిలో, మధ్యలో కట్టెల పొయ్యితో. మావారిని పొయ్యి దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి నేను మ్యాపుల మూలకి పోయాను. ఎడింబరోకి చెందిన బార్తొలోమ్యూ అనే పాత సంస్థ వేసిన షీటు దొరికింది, అంగుళానికి రెండు మైళ్ల స్కేలు. పల్లం ఆకుపచ్చ, మెట్ట గోధుమరంగు, ఎత్తు పెరిగేకొద్దీ రంగు ముదురుతుంది. ఎత్తుని రంగుల పొరలతో చూపించడంలో వాళ్లది పెట్టింది పేరు. దారి చూడడానికి కాదు, చూసుకోవడానికి కొన్నాను. విప్పితే ఎవరో పెన్సిల్‌తో సన్నగా గీసిన గీత కనిపించింది. లాఖిన్వర్‌లో మొదలై, బీ869 అనే తీరం దారి వెంట ఉత్తరంగా పోయి, డ్రమ్‌బెగ్ అనే ఊరి దగ్గర ఆగిపోయింది.

ఫోన్‌ని అడిగితే లాఖిన్వర్ నుంచి కైల్స్‌కూకి లోపలి పెద్ద రోడ్డు చూపిస్తుంది. సరైన సలహాయే. బీ869 ఇరుకు, నిటారు, ఎత్తుపల్లాలు. కొత్త షీటు మీద దాని పొడవునా ఉన్న హెచ్చరికలన్నీ చదివాక కూడా ఆ దారినే వెళ్దామన్నాను. ఒకచోట రోడ్డు పైకెక్కి అవతల ఏముందో కనిపించకుండా ఆకాశంలో ముగిసినట్టుంది. మావారు బండి ఆపి, "అవతల రోడ్డుందా?" అని అడిగారు. కాగితం చూసి, "ఉంది, వెంటనే కుడికి తిరుగుతుంది" అన్నాను. నిజంగానే కుడికి తిరిగింది.

డ్రమ్‌బెగ్ దగ్గర కార్లు ఆపుకునే జాగా, ఎదురుగా దీవులతో నిండిన సముద్రం. ఆ గీత గీసినవాళ్లు ఇక్కడే ఎందుకు ఆగారో, బండి చెడిందో, చీకటి పడిందో, ఈ దృశ్యం చూశాక ఇక కదలబుద్ధి కాలేదో. ఫ్లాస్కులో టీ పోసుకుని తాగాం. బయల్దేరేముందు పెన్సిల్ తీసి, ఆ పాత గీత ఆగినచోటి నుంచి నా గీత మొదలుపెట్టాను. పెద్ద రోడ్డు దాకా, అక్కణ్నుంచి కైల్స్‌కూ దాకా బాగానే వచ్చింది. ఆ మ్యాపులో అక్కడ వంతెన లేదు, పడవ గుర్తే ఉంది. గీతని నీళ్ల మీదుగా లాగాను.